వయసు పైబడుతున్న చేతులతో గిటార్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగ విరమణ తర్వాత అటక మీది గిటార్ పెట్టెను దించి తుడుచుకునేవారు, నలభై ఏళ్లుగా ఆపకుండా వాయిస్తూ ఈమధ్యనే వేళ్లు మొరాయిస్తున్నాయని గమనించినవారు, అరవైలో మొదటిసారి తీగ మీద వేలు పెట్టేవారు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. విశాఖపట్నంలో ఇంటి దగ్గర గిటార్ నేర్పుతూ ఈ ప్రశ్నలకు జవాబులు చెబుతూనే ఉన్నాను కనుక, వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. నాకిప్పుడు 64 ఏళ్లు, ఎడమ బొటనవేలి మొదట్లో కీలు అరిగింది, అయినా రోజూ వాయిస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను కాబట్టి, వైద్యుడికి చూపించవలసిన సంగతి వచ్చినచోట ఆ మాటే స్పష్టంగా రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదటిసారి అలసట తెలిసినప్పుడు

ఇదివరకు గంటసేపు వాయించినా ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు పావుగంటకే చెయ్యి లాగేస్తోంది. ఇది వయసు వల్లనా, జబ్బు వల్లనా?

చేతి పట్టు సాధారణంగా ముప్పైలలో అత్యధికంగా ఉండి, యాభై దాటిన తర్వాత తెలిసేటంతగా తగ్గుతుంది. కండరం సన్నబడుతుంది, స్నాయువుల సాగే గుణం తగ్గుతుంది, అలసిన కండరం కోలుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. అందువల్ల ముంజేతిలోనూ బొటనవేలి కింది కండలోనూ మొద్దుగా లాగినట్టు ఉండి, మర్నాటి ఉదయానికి పూర్తిగా తగ్గిపోయే నొప్పి చాలావరకు అలసటే. కానీ వేళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, కీలు వాచి వేడిగా ఉండటం, నొప్పి రాత్రి నిద్ర లేపడం, పట్టుకున్న గ్లాసు జారిపోవడం, ముడిచిన వేలు తెరుచుకోకుండా పట్టేయడం అలసట కాదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సాధన పెంచి సరిచేయాలని చూడకుండా వైద్యుణ్ణి కలవాలి.

ఎడమచేతి బొటనవేలే అన్నిటికంటే ముందు ఎందుకు నొప్పి పుడుతుంది?

బొటనవేలి కొనతో దేన్నైనా నొక్కినప్పుడు, ఆ వేలు మణికట్టును కలిసేచోట ఉన్న కీలు మీద పడే భారం కొన దగ్గరి బలానికి అనేక రెట్లు ఉంటుంది. వయసుతో ముందుగా అరిగే చేతి కీళ్లలో ఇదొకటి. రుతుక్రమం ఆగిన తర్వాత స్త్రీలలో ఈ అరుగుదల మరీ ఎక్కువ. గిటార్ మెడను పట్టకారుతో పట్టినట్టు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య బిగించేవారికి ఈ కీలు రోజూ దెబ్బ తింటుంది.

మీరు అలా బిగిస్తున్నారో లేదో తెలుసుకోవడానికి అద్దం ముందు కూర్చుని సి మేజర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల కూర్పు) పట్టి, మెడ వెనక ఉన్న బొటనవేలి గోరును చూడండి. గోటి కింద గులాబీ రంగు పోయి తెల్లబడి ఉంటే బలం అవసరానికి మించి వాడుతున్నట్టే. కార్డ్ వదలకుండా బొటనవేలిని మెడ మీదినుంచి ఒక అంగుళం వెనక్కి తీసి, కుడి మోచేతిని గిటార్ పొట్ట మీద ఆనించి, ఎడమచేతి బరువును వేళ్ల మీదుగా కిందికి వేలాడనివ్వండి. కార్డ్ కొంచెం మసకగానైనా మోగుతుంది. వాద్యాన్ని ఒంటికి ఆనించి, చేతి బరువుతో లాగితేనే తీగ నొక్కుకుంటుందని ఒకసారి ఒంటికి తెలిస్తే, బొటనవేలు తిరిగి మెడను తాకినా మునుపటంత బిగించదు. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నా నొప్పిలో పెద్ద భాగం దానితోనే తగ్గింది.

తీగను ఎంత బలంగా నొక్కాలి? నేను ఎక్కువ నొక్కుతున్నానేమో ఎలా తెలుస్తుంది?

మూడో తీగ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీది లోహపు కమ్మీల మధ్య గడి) దగ్గర వేలిని ఊరికే ఆనించి, కుడిచేత్తో మీటుతూ బలాన్ని కొద్దికొద్దిగా పెంచండి. మొదట టప్‌మని మూగ శబ్దం వస్తుంది, తర్వాత జివ్వుమని చప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా స్వరం శుభ్రంగా పలుకుతుంది. అక్కడితో ఆగండి. అంతకుమించి ఎంత నొక్కినా స్వరం బాగుపడదు. పైగా తీగ సాగి శ్రుతి కొంచెం పైకి పోతుంది. వేలిని ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకే పెడితే ఆ బలం ఇంకా తగ్గుతుంది, రెండు కమ్మీల నడిమధ్యన పెడితే పెరుగుతుంది. రోజూ సాధనకు ముందు రెండు నిమిషాలు ఇలా చేస్తే, తాము ఇన్నేళ్లుగా రెట్టింపు బలం వాడుతున్నామని చాలామందికి తెలిసివస్తుంది.

## వాద్యాన్ని చేతికి తగ్గట్టు సవరించుకునేటప్పుడు

కొత్త గిటార్ కొనాలా, తీగలు మారిస్తే సరిపోతుందా?

ముందు తీగలు మార్చండి. మామూలుగా దుకాణాల్లో స్టీల్ తీగల గిటార్‌కు వేసే 12-53 సెట్ (అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఆరు తీగల బిగువు కలిపి సుమారు 73 కిలోలు ఉంటుంది. 10-47 సెట్ వేస్తే అది సుమారు 60 కిలోలకు దిగుతుంది. ధ్వని కొంచెం పలచబడుతుందన్నది నిజమే, కానీ వేలికి తెలిసే తేడా దానికంటే చాలా పెద్దది. ఎలక్ట్రిక్ గిటార్‌కు 10-46 బదులు 9-42 వేసుకోవచ్చు. సన్న తీగలు వేసిన తర్వాత మెడ మీద లాగుడు తగ్గి మెడ కొద్దిగా వెనక్కి వంగి తీగలు బరబరమనవచ్చు కనుక, మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను ఒకసారి సవరింపించుకోవాలి. ఇదంతా కొత్త గిటార్ ధరతో పోలిస్తే చాలా చిన్న ఖర్చు.

యాక్షన్ అంటే ఏమిటి? నా గిటార్‌కు అది ఎంత ఉండాలి?

తీగకూ ఫ్రెట్ కమ్మీకీ మధ్య ఉండే ఎత్తును యాక్షన్ అంటారు. దాన్ని పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్‌కు లావు తీగ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 1.6 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు సుమారు 4, 3 మిల్లీమీటర్లు మామూలు, కానీ మెల్లగా మీటేవారు అర మిల్లీమీటరు తగ్గించుకోవచ్చు. గిటార్ పొట్ట మీద తీగలను బిగించే బ్రిడ్జిలో, తీగలు ఆనే సన్న పట్టీ అయిన సాడిల్‌ను అడుగు నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు 1 మిల్లీమీటరు తగ్గుతుంది. పాత సాడిల్‌ను దాచుకుని కొత్తదాన్ని అరగదీయించుకుంటే, నచ్చకపోయినా నష్టం ఉండదు.

అందరూ మరిచిపోయేది రెండో కొన, అంటే మెడ చివర తీగలు కూర్చునే నట్. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకూ కమ్మీకీ మధ్య చూడండి. పలచని కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే మొదటి మూడు ఫ్రెట్లలో వాయించేదంతా కుస్తీ అవుతుంది. పదవీ విరమణ చేసిన ఒక హైస్కూలు మాస్టారు మూడేళ్లుగా ఎఫ్ కార్డ్ పలకడం లేదని, తన వేళ్లలో సత్తువ పోయిందని బాధపడుతూ నా దగ్గరికి వచ్చారు. ఆయన గిటార్ నట్ గాడులు కొన్ననాటినుంచీ ఎత్తుగానే ఉన్నాయి, అమ్మిన దుకాణంవారు సరిచూడలేదు. చిన్న ఆకురాయితో ఆ గాడులు దింపించడానికి అరగంట పట్టింది, ఆ సాయంత్రమే ఎఫ్ పలికింది. మూడేళ్లు ఆయన తన చేతిని నిందించుకున్నారు. అందుకే ఎవరు వచ్చి చెయ్యి నొప్పి అన్నా నేను మొదట చూసేది గిటార్‌నే.

వానాకాలంలో అదే గిటార్ చేతికి గట్టిగా అనిపిస్తుంది. ఇది నా భ్రమా?

భ్రమ కాదు. గాలిలో తేమ పెరిగితే గిటార్ పైచెక్క ఉబ్బి బ్రిడ్జిని పైకి ఎత్తుతుంది, దానితో యాక్షన్ పెరుగుతుంది. సముద్రతీరంలో ఉన్నవారికి ఇది ఏడాదిలో చాలా నెలలు ఉండేదే. పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి, వాయించనప్పుడు మూత వేసి పెట్టండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు మంచిది.

శ్రుతి తగ్గించి వాయించడం తప్పా?

తప్పు కాదు. వయసు పెరిగేకొద్దీ గాయకులు శ్రుతిని ఒక మెట్టు దించి పాడటం మన సంగీతంలో ఎప్పటినుంచో ఉన్నదే, వాద్యానికి మాత్రం అది చిన్నతనం ఎందుకు కావాలి? తీగ బిగువు స్వరం పౌనఃపున్యపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అందువల్ల అన్ని తీగలనూ ఒక అరస్వరం (ఒక ఫ్రెట్ దూరం) దించితే బిగువు సుమారు 11 శాతం, రెండు అరస్వరాలు దించితే సుమారు 21 శాతం తగ్గుతుంది.

పాటకు అసలు శ్రుతే కావాలంటే, రెండు అరస్వరాలు దించి రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టండి. ధ్వని మామూలు శ్రుతికే వస్తుంది, బిగువు మాత్రం తగ్గినంతే ఉంటుంది. మొదటి ఫ్రెట్ వెడల్పు 36 మిల్లీమీటర్ల నుంచి 32కు తగ్గుతుంది కాబట్టి వేళ్లు చాచవలసిన దూరం కూడా తగ్గుతుంది. కాపో తీగలను కమ్మీకి దగ్గరగా నొక్కి ఉంచడం వల్ల, నట్ ఎత్తుగా ఉన్న గిటార్‌లోనూ ఆ బాధ తప్పుతుంది. యాక్షన్ బాగా తక్కువగా ఉన్న గిటార్‌లో వదులైన తీగలు కొంచెం బరబరమనవచ్చు. మెల్లగా మీటితే అది చాలావరకు పోతుంది. నేను ఇంట్లో అయిదేళ్లుగా ఇలాగే వాయిస్తున్నాను.

నా గిటార్ పెద్దది. కుడి భుజం ఎత్తి వాయించవలసి వస్తోంది, సాయంత్రానికి భుజం పట్టేస్తోంది. ఏం చేయాలి?

డ్రెడ్‌నాట్ ఆకారపు గిటార్ పొట్ట వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు, లోతు 12 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. దాని మీదుగా చెయ్యి వేసి ఉంచాలంటే భుజం ఎత్తిపెట్టక తప్పదు. అంతకంటే చిన్నవైన ఓఎం లేదా ట్రిపుల్ ఓ ఆకారపు గిటార్‌కు లోతు పదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఈ రెండు సెంటీమీటర్ల తేడా భుజానికి బాగా తెలుస్తుంది. పార్లర్ గిటార్ ఇంకా చిన్నది. స్కేల్ విషయంలో, అంటే నట్ నుంచి సాడిల్ దాకా తీగ పొడవులో, 25.5 అంగుళాల స్కేల్ బదులు 24.75 అంగుళాల స్కేల్ ఉన్న గిటార్ తీసుకుంటే అవే తీగలకు బిగువు 6 శాతం దాకా తగ్గుతుంది. భుజం నొప్పితో పాటు చెయ్యి వెనక్కి తిప్పడం, తల దువ్వుకోవడం కూడా కష్టమవుతూ ఉంటే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. నలభై నుంచి అరవై మధ్య వయసులో, అందులోనూ షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ కనుక గిటార్ మార్చడంతో సరిపెట్టుకోకూడదు.

స్టీల్ తీగలు వదిలి నైలాన్ తీగలకు మారితే మేలా?

వేలికొనలకు తప్పకుండా మేలు, ఎందుకంటే నైలాన్ తీగల మొత్తం బిగువు సుమారు 40 కిలోలే. కానీ క్లాసికల్ గిటార్ మెడ నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, స్టీల్ గిటార్ మెడ 43 దగ్గర ఉంటుంది. చిన్న చేతులవారికి, బొటనవేలి కీలు అరిగినవారికి ఆ వెడల్పు కొత్త నొప్పి తేవచ్చు. కొనేముందు అరగంట వాయించి చూడండి. 48 మిల్లీమీటర్ల మెడతో వచ్చే నైలాన్ గిటార్లు కూడా దొరుకుతాయి.

## రోజువారీ సాధనలో

రోజుకు ఎంతసేపు వాయించవచ్చు?

మొత్తం సమయం కంటే ముఖ్యమైనది ఎక్కడ ఆపుతున్నారన్నది. గంటసేపు ఏకబిగిన కూర్చోవడం కంటే, పదిహేను నిమిషాలు వాయించి అయిదు నిమిషాలు చేతులు దించి కూర్చుని మళ్ళీ మొదలుపెట్టడం మంచిది. ఇలా ఉదయం రెండు విడతలు, సాయంత్రం రెండు విడతలు చేస్తే రోజుకు గంట అవుతుంది. నొప్పి వచ్చిన తర్వాత ఆపడం కాదు, చెయ్యి బరువెక్కుతోందని తెలిసిన క్షణంలో ఆపాలి. మధ్యలోని ఆ అయిదు నిమిషాల్లో వాయించే పాటను నోటితో పాడుకుంటూ, స్వరస్థానాలను మనసులో చూసుకుంటూ ఉంటే అది కూడా సాధనే. పెళ్లిలోనో సభలోనో వాయించవలసి వచ్చిందని నాలుగు రోజుల ముందు ఒక్కసారిగా గంటలు పెంచినవారికే చెయ్యి ఎక్కువగా దెబ్బ తినడం నేను చూశాను.

మొదలుపెట్టే ముందు చేతులను ఎలా సిద్ధం చేసుకోవాలి?

గోరువెచ్చని నీటిలో రెండు చేతులూ అయిదు నిమిషాలు ఉంచి, తుడుచుకుని, పిడికిలి మెల్లగా ముడిచి తెరవడం పదిసార్లు చేయండి. మార్గశిర, పుష్య మాసాల ఉదయాలలోనూ ఏసీ గదిలోనూ ఇది తప్పనిసరి. ఆ తర్వాత బాగా వచ్చిన ఒక నిదానమైన పాటను సగం వేగంలో వాయించండి. చల్లని చేతులతో వేళ్లను బలంగా వెనక్కి వంచి సాగదీయడం మాత్రం మంచిది కాదు. సాగదీత ఏదైనా ఉంటే సాధన అయిపోయాక, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు, నొప్పి తెలియనంతవరకే చేయండి.

ఎఫ్, బి మైనర్ లాంటి బార్ కార్డ్‌లు ఇక నా వల్ల కావడం లేదు. అవి లేకుండా పాటలు వాయించలేనా?

వాయించవచ్చు, బాగా వాయించవచ్చు. చూపుడు వేలితో ఆరు తీగలనూ నొక్కాలన్నది చాలా పాటల్లో నిజంగా అవసరం లేదు, ఎందుకంటే కార్డ్‌కు ప్రాణం మూడు స్వరాలే. ఎఫ్ మేజర్‌ను పై నాలుగు తీగల మీదే పట్టవచ్చు: చూపుడు వేలు ఒకటి, రెండు తీగల మీద మొదటి ఫ్రెట్‌లో, మధ్యవేలు మూడో తీగ మీద రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్‌లో. అదీ కష్టమైతే మొదటి తీగను నొక్కకుండా మోగనిచ్చి ఎఫ్ మేజర్ సెవెన్ వాయించండి. చాలా సినిమా పాటల్లో అది మరింత మృదువుగానే ఉంటుంది. బి మైనర్ బదులు బి మైనర్ సెవెన్ పట్టుకోవచ్చు. ఐదో, మూడో, మొదటి తీగలను రెండో ఫ్రెట్‌లో నొక్కి, నాలుగు, రెండు తీగలను నొక్కకుండా మోగనిస్తే సరిపోతుంది, లావు తీగను మాత్రం మీటకూడదు.

ఇంకో దారి కాపో. పాట ఎఫ్ శ్రుతిలో ఉంటే మొదటి ఫ్రెట్‌లో కాపో పెట్టి ఇ కార్డ్‌లతోనో, మూడో ఫ్రెట్‌లో పెట్టి డి కార్డ్‌లతోనో వాయించండి. పక్కన ఇంకొకరు వాయిస్తున్నప్పుడు మూడు తీగల కార్డ్‌లే చాలు, బేస్ స్వరం వారు ఎలాగూ ఇస్తారు. ఒక పాటలో ఒకే ఒక బార్ కార్డ్ తప్పదంటే, అది వచ్చే ముందు మాత్రలో చేతిని వదులు చేసి, అది అవగానే మళ్ళీ వదిలేయడం సాధన చేయాలి. పాట పొడుగునా చేతిని బిగించి ఉంచడం వల్ల వచ్చే అలసటే ఎక్కువ.

గిటార్ మీద కర్ణాటక కీర్తనలు వాయిస్తాను. గమకం కోసం తీగ లాగితే వేలి కణుపులు నొప్పి పుడుతున్నాయి. గమకం వదిలేయాలా?

గమకం వదిలేస్తే రాగమే ఉండదు కాబట్టి, లాగే పద్ధతిని మార్చుకోవాలి. వీణలో మెట్లు ఎత్తుగా, తీగ వదులుగా ఉంటుంది కనుక లాగడం సహజంగా కుదురుతుంది, గిటార్‌లో కమ్మీలు పొట్టివి, తీగ బిగువు ఎక్కువ. లాగవలసిన గమకాల్లో చాలావాటిని జారుగా, అంటే ఒకే వేలు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు జరుగుతూ పలికించవచ్చు. తప్పక లాగవలసిన చోట ఉంగరపు వేలితో లాగుతూ, వెనక చూపుడు, మధ్యవేళ్లను కూడా అదే తీగ మీద ఉంచి మూడింటితో కలిపి తోయండి, కదలిక వేలి కణుపు నుంచి కాక మణికట్టు తిరగడం నుంచి రావాలి. సన్న తీగలు వేసి, శ్రుతి ఒకటి రెండు అరస్వరాలు దించితే తోడి గాంధారం కూడా నొప్పి లేకుండా పలుకుతుంది.

ఎలా కూర్చోవాలి?

చేతులు లేని కుర్చీలో, రెండు పాదాలూ నేలకు ఆనేలా కూర్చోండి. మంచం మీద, సోఫాలో, నేల మీద వాయించడం వయసు పెరిగాక నడుముకు మంచిది కాదు. కూర్చుని వాయించినా పట్టీ తగిలించుకుంటే గిటార్ జారకుండా ఎడమచేయి మోయవలసిన పని తప్పుతుంది. క్లాసికల్ పద్ధతిలో ఎడమకాలి కింద పీట వేసుకునేవారికి నడుము నొప్పి వస్తే, పీట మానేసి తొడ మీద పెట్టుకునే గిటార్ సపోర్ట్ వాడవచ్చు. మెడ కొన భుజం ఎత్తుకు వచ్చేలా గిటార్‌ను ఏటవాలుగా ఉంచితే ఎడమ మణికట్టు వంగడం తగ్గుతుంది.

కళ్లజోడు పెట్టుకున్నా నొటేషన్ సరిగా కనిపించదు, ట్యూనింగ్ కూడా చెవికి సరిగా అందడం లేదు. ఇవి కూడా వయసేనా?

అవును. చదివే కళ్లజోడు జానెడు, మూరెడు దూరానికి చేసినది, స్టాండ్ మీది కాగితం అంతకంటే దూరంలో ఉంటుంది. స్టాండ్ దూరాన్ని టేపుతో కొలిచి ఆ దూరానికి విడిగా అద్దాలు రాయించుకోండి. ప్రోగ్రెసివ్ అద్దాలతో తల పైకెత్తి చూస్తే మెడ నొప్పి అదనం. వినికిడి విషయంలో వయసుతో ముందు పోయేవి పై స్వరాలే. గిటార్‌కు తగిలించి శ్రుతి చూపే క్లిప్ ట్యూనర్ వాడటంలో చిన్నతనమేమీ లేదు.

## నొప్పి, జబ్బు ఉన్నప్పుడు

కీళ్లు అరిగాయన్నారు. వాయిస్తే ఇంకా అరుగుతాయా?

కీళ్ల జబ్బులన్నీ ఒకటి కావు కనుక ముందు ఏదో తేల్చుకోవాలి. వయసుతో వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్‌లో వేలి చివరి కణుపుల దగ్గర, బొటనవేలి మొదట్లో గట్టి బుడిపెలు రావచ్చు. ఉదయం బిగుతు సాధారణంగా అరగంటలోపు తగ్గుతుంది. దీనిలో నొప్పి హద్దుల్లో మెల్లగా వాయించడం సాధారణంగా హాని చేయదు. కీలు కదులుతూ ఉండటమే మంచిదని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. వెచ్చని మైనంలో చేతులు ముంచి తీసే వ్యాక్స్ థెరపీతో నాకు ఉపశమనం దొరికింది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. రెండు చేతుల్లోనూ వేళ్ల మొదటి కీళ్లు, మణికట్లు వాచి, ఉదయం బిగుతు గంటకు పైగా ఉంటే అది కావచ్చు. దానికి త్వరగా మందులు మొదలుపెడితేనే కీళ్లు వంకరపోకుండా నిలుస్తాయి. వాపు, వేడి ఉన్న రోజుల్లో గిటార్ ముట్టకూడదు.

ఎలక్ట్రిక్ గిటార్ రూపకల్పనలో పేరుపొందిన లెస్ పాల్ 1915లో పుట్టారు. రెండు చేతులకూ ఆర్థరైటిస్ ఉన్నా, తొంభై దాటిన తర్వాత కూడా న్యూయార్క్‌లోని ఒక జాజ్ క్లబ్‌లో సోమవారం రాత్రులు వాయించేవారు. వేళ్లు ముడవనివ్వనప్పుడు తక్కువ స్వరాలతో, కదిలే వేళ్లతోనే వాయించేవారు. 2009లో 94వ ఏట మరణించారు.

నాకు షుగర్ ఉంది. గిటార్ విషయంలో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, పక్కనుంచి ఎవరినైనా చూడమనండి. వేళ్లు కొన నుంచి మొదలు దాకా పూర్తిగా అతుక్కోకుండా మధ్యలో సందు ఉంటే, షుగర్ వల్ల చేతి చర్మమూ స్నాయువులూ బిగుసుకుంటున్నాయని అనుమానించాలి. ముడిచిన వేలు టక్‌మని తెరుచుకునే ట్రిగ్గర్ ఫింగర్ కూడా షుగర్ ఉన్నవారిలో ఎక్కువ. ఇవి రెండూ సాధనతో తగ్గేవి కావు, వైద్యుడు చూడాలి.

వేలికొనల్లో స్పర్శ తగ్గినవారు తీగ ఎంత లోతుగా కోస్తోందో గమనించలేరు. సాధన అయ్యాక వెలుతురులో వేలికొనలు చూసుకోవడం, పగుళ్లు ఉంటే మానేదాకా ఆపడం, కాయకాసిన చర్మాన్ని బ్లేడుతో కోయకపోవడం వీరికి తప్పనిసరి. నరాల దెబ్బతో వాయించడం కష్టమైనవారిలో పేరుపొందిన రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కూడా ఉన్నారు. తనకు పెరిఫరల్ న్యూరోపతీ (చేతులు, కాళ్ల నరాలు దెబ్బతినడం) ఉందని 2016లో ఆయన చెప్పారు, ఆ తర్వాత కూడా వేదికల మీద వాయిస్తూనే ఉన్నారు.

రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. గిటార్ వల్లేనా?

ఆ మూడు వేళ్లూ, ఉంగరపు వేలిలో సగమూ తిమ్మిరెక్కడం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ లక్షణం. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికీ షుగర్ ఉన్నవారికీ గిటార్ లేకపోయినా ఇది వస్తుంది, మణికట్టును బాగా వంచి వాయిస్తే పెరుగుతుంది. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కితే నరం నొక్కుకునేది చాలావరకు మోచేతి దగ్గర. రెండింటికీ మొదట్లో రాత్రి కట్టుకునే పట్టీ లాంటి చిన్న చికిత్సలు పనిచేస్తాయి. బొటనవేలి కింది కండ పలచబడేదాకా ఆలస్యం చేస్తే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

నొప్పి మాత్ర వేసుకుని వాయించవచ్చా?

వద్దు. ఆపమని చెప్పేది నొప్పే, దాన్ని మూసేసి వాయిస్తే దెబ్బ పెరుగుతున్నా తెలియదు. ఈ వయసులో నొప్పి మాత్రలు పొట్టకూ మూత్రపిండాలకూ బీపీకీ చేసే హాని కూడా తక్కువది కాదు.

నొప్పి లేదు, కానీ వాయించేటప్పుడు మాత్రం ఒక వేలు తనంతట తానే ముడుచుకుపోతోంది. మిగతా పనులన్నీ బాగానే చేస్తోంది. ఇదేమిటి?

ఇది ఫోకల్ డిస్టోనియా కావచ్చు. ఇది వేలి జబ్బు కాదు, ఆ వేలిని నడిపే మెదడులోని ఏర్పాటు చెదరడం. పట్టుదలతో ఇంకా గట్టిగా సాధన చేస్తే ముదురుతుంది. సాధన ఆపి నరాల వైద్యుణ్ణి కలవండి. చేతులు చాచినప్పుడు వణకడం దీనికి భిన్నమైనది, దానికీ నరాల వైద్యుడే చూడాలి.

## పట్టు బాగా తగ్గిన తర్వాత

ఎడమచేతిలో రెండు వేళ్లే సరిగా పనిచేస్తున్నాయి. ఇక వాయించడంలో అర్థముందా?

గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ 1928లో, తన 18వ ఏట, బండిలో మంటలు అంటుకుని ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాక, మిగిలిన రెండు వేళ్లతో సోలోలు వాయించి జాజ్ గిటార్‌కే దారి చూపారు. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ ఎడమచేతివాటం మనిషి. 17వ ఏట ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోతే, ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకున్నారు, సన్న తీగలు వేసుకున్నారు, తర్వాత శ్రుతి కూడా దించారు. వీరు పడుచువారు, మనం కాము, అది నిజమే. కానీ వారు చేసిన పని మనమూ చేయగలిగినదే: ఉన్న వేళ్లకు అందే స్వరాలను వెతుక్కోవడం, వాద్యాన్ని వాటికి అనుకూలంగా మార్చుకోవడం. ఓపెన్ జి శ్రుతిలో, అంటే లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి అని శ్రుతి చేసుకుంటే, ఏమీ నొక్కకుండానే మేజర్ కార్డ్ మోగుతుంది. రెండు వేళ్లతో పాట నడుస్తుంది.

తీగ నొక్కడమే కుదరదంటే ఏం చేయాలి?

గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద స్టీల్ కడ్డీ ఆనించి జరుపుతూ వాయించే పద్ధతి ఉంది. మన సినిమా పాటల్లో హవాయిన్ గిటార్ పేరుతో విన్నది అదే. కడ్డీ తీగను తాకితే చాలు, నొక్కనక్కరలేదు. బొటనవేలు మెడను పట్టవలసిన పనే లేదు. కడ్డీ సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి ఎదురుగా ఆగకపోతే స్వరం తప్పుతుంది కనుక చెవి కష్టపడాలి, కానీ చెయ్యి విశ్రాంతిగా ఉంటుంది. మీ దగ్గరున్న మామూలు గిటార్‌కే నట్ ఎత్తు పెంచే చిన్న తొడుగు వేసి దీన్ని ప్రయత్నించవచ్చు. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ పద్ధతిలోనే హిందుస్తానీ రాగాలు వాయించి దారి వేశారు. మోహన వీణ రూపొందించిన విశ్వమోహన్ భట్ ఇదే తరహా వాద్యంతో 1994లో గ్రామీ అందుకున్నారు. జారు గమకాలకు ఇంతకంటే అనుకూలమైన గిటార్ లేదు. బార్ కార్డ్‌ల మీద పదేళ్లు పెట్టిన కష్టంలో సగం దీని మీద పెట్టమని నేను నా వయసువారికి మనసారా చెబుతాను.

వేగం పోయింది. వినేవాళ్ల ముందు వాయించడానికి మొహమాటంగా ఉంది.

క్లాసికల్ గిటార్ విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా 1893లో పుట్టి 1987లో మరణించేదాకా, చివరి ఏడాదిలో కూడా కచేరీలు చేశారు. తొంభైలలోని ఆయన వేళ్లలో ముప్పైలనాటి వేగం లేదు, స్వరం నాదం ఉంది. వేగం అడిగే పాటలను పక్కన పెట్టి, ఒక స్వరం మోగి తగ్గేదాకా నిలవగల పాటలు ఎంచుకోండి. కచేరీ కాలాన్ని గంట నుంచి ఇరవై నిమిషాలకు తగ్గించి, కష్టమైన పాటను చివరికి ఉంచకుండా చేతులు వేడెక్కిన తర్వాత రెండోదిగా వాయించండి.

60 దాటాక కొత్తగా మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. వేలికొనలు కాయకాయడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి, ఆ రోజుల్లో రోజుకు పది నిమిషాలు మించవద్దు. చెయ్యి మరీ బలహీనంగా ఉంటే బారిటోన్ ఉకులేలేతో మొదలుపెట్టండి. దాని నాలుగు తీగల శ్రుతి గిటార్ పై నాలుగు తీగల శ్రుతే కాబట్టి నేర్చుకున్న కార్డ్‌లేవీ వృథా పోవు.

ఆపరేషన్ వల్ల ఆరు నెలలు గిటార్ ముట్టలేదు. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

వైద్యుడు సరే అన్నాక, ముందు పాత తీగలు తీసేసి ఒక మెట్టు సన్నవి వేయించి, రెండు అరస్వరాలు దించి శ్రుతి చేయించండి. మొదటి వారం రోజుకు అయిదు నిమిషాలు, అదీ కుడిచేత్తో ఓపెన్ తీగలు మీటడం, ఎడమచేత్తో ఒక్కొక్క స్వరం నొక్కడం మాత్రమే. రెండో వారం రెండు వేళ్ల కార్డ్‌లు, అంటే ఇ మైనర్, ఎ సెవెన్ లాంటివి. ఆ తర్వాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ, మర్నాడు ఉదయం చెయ్యి బరువుగా ఉంటే ఆ వారం పెంచకుండా అక్కడే ఆగండి. కాయకాసిన చర్మం పోయి ఉంటుంది కనుక వేలికొనలు మొదటి నెలంతా మంట పుడతాయి, ఆ మంట చెయ్యి నొప్పి కాదు. పాత పాటల్లో ఒకటి పూర్తిగా గుర్తుందని తెలిసిన రోజున, దాన్ని సగం వేగంలో ఒక్కసారే వాయించి పెట్టె మూయండి.